ఐసీయూలో ఉన్న నాన్నకి ‘ఏ మందుకీ లొంగని’ క్లెబ్సియెల్లా ఎలా వచ్చింది?

మీ ప్రశ్న పెద్దది కాబట్టి ముందు నాకు అర్థమైంది చెప్తాను. నాన్నగారికి 64 ఏళ్లు, షుగర్ ఉంది. పక్షవాతం వచ్చి మొదట మీ ఊరి దగ్గర నర్సింగ్‌హోమ్‌లో నాలుగు రోజులు, తర్వాత నగరంలో పెద్దాసుపత్రి ఐసీయూలో రెండు వారాలుగా వెంటిలేటర్ మీద ఉన్నారు. చేరినప్పుడు లేని జ్వరం పదో రోజున మొదలైంది. కల్చర్ పంపితే క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బాక్టీరియా ఉందని వచ్చింది. దాని కింద మందుల పేర్ల ఎదురుగా వరసగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదు), కొలిస్టిన్ అనే మందు ఒక్కదానికే ‘ఐ’ (ఇంటర్మీడియట్, అంటే మధ్యస్థం). మీరు ముఖ్యంగా అడిగినవి మూడు: ఇది ఆసుపత్రి తప్పేనా, అంతమంది ఉండగా మా నాన్నకే ఎందుకు, ఇంటికి తీసుకొస్తే చిన్నపిల్లలకి అంటుకుంటుందా.

సూటిగా చెప్తాను. చేరిన 48 గంటల తర్వాత మొదలైన ఇన్‌ఫెక్షన్‌ని ఆసుపత్రిలో వచ్చినదిగానే లెక్కేస్తాం, కాబట్టి ఇది ఆసుపత్రి ఇన్‌ఫెక్షనే. అయితే ఇందులో ఆసుపత్రి శుభ్రత వాటా ఎంత, నాన్నగారి ఒంటి పరిస్థితిది ఎంత, అంతకుముందు ఎక్కించిన మందులది ఎంత అని ఒక్క మనిషి విషయంలో విడదీసి చెప్పడం దాదాపు అసాధ్యం. ఆరోగ్యంగా తిరిగే పిల్లలకి దీనివల్ల జబ్బు చేసే అవకాశం చాలా తక్కువ. మీరు అడగనిది ఇంకొకటుంది, నా దృష్టిలో అన్నిటికన్నా ముందు తేలాల్సింది అదే: ఆ రిపోర్టు ఏ శాంపిల్‌ది? రక్తమా, గొంతు ట్యూబులోంచి తీసిన కఫమా, మూత్రమా? మిగతా కథంతా దాని మీదే నడుస్తుంది.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రిలో మైక్రోబయాలజిస్టుని. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కూడా నేనే చూస్తాను. అంటే పొద్దున ఇలాంటి రిపోర్టుల మీద సంతకాలు పెట్టేదీ, మధ్యాహ్నం ఐసీయూకి వెళ్లి "దీనికి మందు వేయకండి సార్" అని వాదించేదీ నేనే.

ఆ వాదన ఎందుకో చెప్తాను. గొంతులో ట్యూబు ఉన్న మనిషి కఫం, వారం పదిరోజులుగా యూరిన్ పైపు ఉన్న మనిషి మూత్రం, బెడ్‌సోర్ మీద నుంచి దూదిపుల్లతో తీసిన స్వాబ్: ఈ మూడిట్లో ఏదో ఒకటి పెరగకపోతేనే మాకు ఆశ్చర్యం. బాక్టీరియా అక్కడ కాపురం పెట్టడం వేరు, లోపలికి చొరబడి జబ్బు చేయడం వేరు. రెండింటికీ ల్యాబ్ రిపోర్టు ఒకేలా ఉంటుంది. తేడా చెప్పేది మంచం మీది మనిషే. జ్వరం ఉందా, ఎక్స్‌రేలో కొత్త మచ్చ వచ్చిందా, కఫం చిక్కబడి రంగు మారిందా, ఆక్సిజన్ ఎక్కువ పెట్టాల్సి వస్తోందా, బీపీ పడిపోతోందా అని చూడాలి. రక్తంలో క్లెబ్సియెల్లా పెరిగితే మాత్రం తర్జనభర్జనలేమీ ఉండవు, అది ఇన్‌ఫెక్షనే.

తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన ఒక పెద్దావిడకి మూత్రంలో అచ్చం మీ రిపోర్టు లాంటిదే వచ్చింది. జ్వరం లేదు, మంట లేదు, చక్కగా ఇడ్లీ తింటోంది. వాళ్లబ్బాయి మాత్రం కాగితం పట్టుకుని "ఇంత భయంకరంగా ఉంటే మందే వేయరా" అని మా మీద కోప్పడ్డాడు. పైపు తీసేశాం, నీళ్లు బాగా తాగించమన్నాం, అంతే. కొలిస్టిన్ మొదలుపెట్టి ఉంటే ఆ వయసులో కిడ్నీలు దెబ్బతిని, డిశ్చార్జి అవ్వాల్సిన మనిషి డయాలసిస్ గుమ్మం దగ్గర ఉండేది. లక్షణాలేవీ లేకుండా మూత్రంలో బాక్టీరియా కనిపిస్తే గర్భిణులకి, మూత్రనాళాల ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి తప్ప మిగతావాళ్లకి దాదాపుగా మందు అక్కర్లేదు. ఈ ఒక్కటి అందరూ పాటిస్తే మన ఐసీయూల్లో యాంటీబయాటిక్ వాడకం కళ్లకి కనబడేంత తగ్గుతుందని నా నమ్మకం.

నాన్నగారికి జ్వరం ఉందన్నారు, కాబట్టి ఇది నిజమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అయినా అడగండి. ఐసీయూలో జ్వరానికి ఇంకా చాలా కారణాలుంటాయి: మెదడు దెబ్బ వల్లే రావచ్చు, కాలి సిరలో రక్తం గడ్డకట్టి రావచ్చు, ఏదో ఒక మందు పడక కూడా రావచ్చు.

ఆ ‘ఆర్’లు లెక్కపెట్టి భయపడకండి. రిపోర్టులో ఇరవై పేర్లుంటే అవి ఇరవై వేర్వేరు ఆయుధాలు కావు. ఐదారు కుటుంబాల అన్నదమ్ములు. ఒకదాన్ని తట్టుకున్న బాక్టీరియా సాధారణంగా దాని దగ్గరి చుట్టాల్నీ తట్టుకుంటుంది. యాంపిసిలిన్‌కైతే క్లెబ్సియెల్లా పుట్టుకతోనే లొంగదు, అక్కడ ‘ఆర్’ ఉండటం కొత్త వార్త కాదు. మేం కుటుంబాల లెక్కనే చూస్తాం. మూడు కుటుంబాల్లో ఒక్కో మందుకైనా లొంగకపోతే ఎండీఆర్, ఒకటి రెండు కుటుంబాలు తప్ప మిగతావేవీ పనిచేయకపోతే ఎక్స్‌డీఆర్, అసలేదీ పనిచేయకపోతే పీడీఆర్ అంటాం. మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారిది రెండో రకం.

కొలిస్టిన్ పక్కన ‘ఐ’ చూసి "అది కూడా సగమే పనిచేస్తుందట" అని రాశారు. కాదు. మన ల్యాబుల్లో ఎక్కువమంది పాటించే అమెరికా ప్రమాణాల సంస్థ సీఎల్‌ఎస్‌ఐ 2020లో కొలిస్టిన్‌కి ‘ఎస్’ (లొంగుతుంది) అనే గడినే ఎత్తేసింది. కాబట్టి ఎంత సులువుగా లొంగే బాక్టీరియా అయినా ఇప్పుడు ‘ఐ’ అనే వస్తుంది. ఆ మందు మోతాదుకీ ఫలితానికీ మధ్య ఉన్న అనిశ్చితి వల్ల అలా చేశారు. అంతకన్నా ముఖ్యం ఆ పరీక్ష ఎలా చేశారన్నది. బిళ్ల పెట్టి చుట్టూ వలయం కొలిచే పద్ధతి కొలిస్టిన్‌కి పనికిరాదు, ఆటోమేటిక్ మెషీన్ల ఫలితాల్నీ పూర్తిగా నమ్మలేం. బ్రాత్ మైక్రోడైల్యూషన్ (ద్రవంలో మందుని వేర్వేరు మోతాదుల్లో కలిపి చూసే పద్ధతి) చేశారా అని మీ డాక్టరు ద్వారా ల్యాబుని అడిగించండి. అడిగితే తప్పేం లేదు, నన్నెవరైనా అడిగితే నాకు సంతోషమే.

ఇక "మా నాన్నకే ఎందుకు" అన్నది.

చాలామంది అనుకునేది, బయట ఎక్కడో మురికి మంచం మీద నుంచి ఈ పురుగు కొత్తగా వచ్చి పడిందని. కొన్నిసార్లు నిజమే. కానీ క్లెబ్సియెల్లా, ఈ.కోలై లాంటివి మన పేగుల్లోనే ఉండే జాతులు. మందుల్ని తట్టుకునే రకాలు ఇప్పుడు మన దేశంలో ఆసుపత్రి మొహం చూడనివాళ్ల పేగుల్లోనూ ఉంటున్నాయి. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అవి ఒక మూలన కొద్దిగా ఉంటాయి, లక్షల కోట్ల మామూలు బాక్టీరియా వాటిని పెరగనివ్వదు. అప్పుడు యాంటీబయాటిక్ పడుతుంది. పైరంతా మాడి తుంగ ఒక్కటే మిగిలిన పొలంలా పేగు తయారవుతుంది. ఇక మిగిలినదానికి అడ్డెవరు?

అందుకే ముప్పు పెంచే కారణాల్లో నేను మొదట అడిగేది గత మూడు నెలల్లో పడిన యాంటీబయాటిక్‌లు. సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం, మెరోపెనెమ్ కుటుంబం, వీటిలో ఏదైనా. మీ నాన్నగారికి నర్సింగ్‌హోమ్‌లో ఉన్న నాలుగు రోజులూ "ఇన్‌ఫెక్షన్ రాకుండా" పూటకో యాంటీబయాటిక్ సూది చేశారని రాశారు. పక్షవాతానికి యాంటీబయాటిక్ అక్కర్లేదు. రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చినా స్ట్రోక్ రోగులు కోలుకోవడంలో తేడా రాలేదని పెద్ద పరిశోధనలే తేల్చాయి. ఇది ఆ డాక్టరుని తిట్టడానికి చెప్పడం లేదు, అలవాటు అంత పాతుకుపోయింది. మా దగ్గరికి జిల్లాల నుంచి వచ్చేవాళ్లలో సగానికి సగం మంది డెంగీ జ్వరానికో, వైరల్ జ్వరానికో ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్‌తో పాటు సెఫ్ట్రియాక్సోన్ సూదులు చేయించుకుని వచ్చినవాళ్లే. చీటీ ఉండదు, ఏం సూదో అడిగితే "తెల్లపొడి కలిపి చేశారు" అంటారు. ఇలాంటి మందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మినవి రిజిస్టర్లో రాయాలని షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి నుంచి అమల్లో ఉంది. మీ వీధి చివర మెడికల్ షాపులో ఎలా ఉందో మీకే తెలుసు.

రెండోది పైపులు. చర్మం, దగ్గు, మూత్రధార ఈ మూడూ మన ఒంటికి కాపలా. పెద్ద సిరలోకి వేసే సెంట్రల్ లైన్ చర్మాన్ని దాటుతుంది, వెంటిలేటర్ ట్యూబు దగ్గుని దాటుతుంది, యూరిన్ పైపు మూడోదాన్ని. పైగా ఆ ప్లాస్టిక్ మీద బాక్టీరియా జిగురు పొరలా అతుక్కుని కూర్చుంటుంది, మందు అక్కడిదాకా చేరదు. యూరిన్ పైపు ఉన్న ప్రతి రోజూ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం. నెల తిరిగేసరికి దాదాపు అందరికీ ఉంటుంది. వెంటిలేటర్ ట్యూబు చుట్టూ చిన్న గాలిబుడగ ఉంటుంది. నోట్లో ఊరిన ఉమ్మి దాని పక్కనుంచి బొట్టు బొట్టుగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లకి మింగడం సరిగ్గా ఉండదు కాబట్టి ట్యూబు పడకముందే ఎంతో కొంత జారి ఉంటుంది కూడా. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబు దీనికి తోడు.

మూడోది ఎన్నాళ్లు ఉన్నారు, ఎక్కడెక్కడ ఉన్నారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారినవాళ్లు మొదటి చోటి బాక్టీరియాని పేగుల్లో మోసుకొస్తారు. అందుకే కొన్ని ఆసుపత్రులు బయటి ఐసీయూ నుంచి వచ్చినవాళ్లకి చేరిన రోజే మలద్వారం దగ్గర స్వాబ్ తీసి చూస్తాయి. అది డబ్బు గుంజడానికి చేసే పరీక్ష కాదు. మీ దగ్గర చేయించి ఉంటే ఆ ఫలితం అడగండి. చేరిన రోజే ఉందని తేలితే మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు దొరికినట్టే.

షుగర్, కిడ్నీ జబ్బు, క్యాన్సర్ మందులతో తెల్లకణాలు పడిపోవడం, పెద్ద ఆపరేషన్లు, కాలిన గాయాలు, నెలలు నిండకుండా పుట్టడం, ఇవన్నీ జాబితాలో ఉన్నవే, వివరించక్కర్లేదు. ఒకటి మాత్రం చెప్పాలి. ఐసీయూలో అందరికీ అలవాటుగా వేసే పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మందు కూడా అంత అమాయకం కాదు. కడుపులో ఆమ్లం తగ్గితే నోటి ద్వారా వెళ్లే బాక్టీరియాకి దారి సులువవుతుంది. వెంటిలేటర్ మీద ఉన్నన్నాళ్లు అవసరం ఉండొచ్చు. డిశ్చార్జి తర్వాత ఏళ్ల తరబడి ఎందుకు మింగుతున్నారో చాలామందికే తెలియదు.

ఇప్పుడు ఆసుపత్రి తప్పా కాదా.

ఒక్కటి ఒప్పుకోవాలి: ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి ఈ బాక్టీరియాని ఎక్కువగా మోసేది మా చేతులే. డాక్టర్లవి, నర్సులవి, ఎక్స్‌రే టెక్నీషియన్లవి. ఆల్కహాల్ ద్రవం చేతులకి రుద్దుకోవడానికి 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు ముగ్గురు నలుగురు వెంటిలేటర్ రోగుల మధ్య పరిగెడుతుంటే ఆ సెకన్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ అంటే గోడ మీద పోస్టర్లని చాలా యాజమాన్యాలు అనుకుంటాయి. నన్నడిగితే అందులో పెద్ద భాగం సరిపడా నర్సుల్ని పెట్టడమే.

ఒకసారి మా దగ్గర ఒకే మంచం మీద చేరినవాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి అసినెటోబాక్టర్ అనే ఇంకో బాక్టీరియా వస్తూ పోయింది. మంచం కడిగాం, పరుపు మార్చాం, నేల మీద ఫినాయిలు కాదు హైపోక్లోరైట్ వాడించాం, తగ్గలేదు. చివరికి ఆ మంచం దగ్గర బీపీ చూసే గుడ్డ పట్టీలో దొరికింది. దాన్ని ఉతకడం నర్సులు బయోమెడికల్ వాళ్ల పని అనుకున్నారు, వాళ్లేమో హౌస్‌కీపింగ్ పని అనుకున్నారు. పొడి వస్తువుల మీద వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి బతికే రకం అది. క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ దీనికి భిన్నంగా తడిని ఇష్టపడతాయి, ఐసీయూలో సింకు గొట్టాలే వాటి ఇల్లు. సక్షన్ బాటిల్లో (కఫం లాగి పట్టే సీసా) నీళ్లు చేతులు కడుక్కునే సింకులోనే పారబోయడం కనిపిస్తే నర్సింగ్ ఇన్‌చార్జికి నిస్సంకోచంగా చెప్పండి.

పూర్తిగా ఆపలేకపోయినా చాలావరకు తగ్గించొచ్చని రుజువైంది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు కలిసి సెంట్రల్ లైన్ విషయంలో ఐదే పనులు పట్టుబట్టి చేశాయి: చేతులు కడగడం, వేసేటప్పుడు మనిషంతా కప్పే స్టెరైల్ గుడ్డ, చర్మానికి క్లోరెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రవం, వీలైతే తొడ దగ్గర లైన్ వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం. ఏడాదిన్నరలో లైన్ వల్ల రక్తంలో వచ్చే ఇన్‌ఫెక్షన్లు 66 శాతం వరకు తగ్గాయి. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేదు అందులో.

మరోవైపు, ఈ దేశంలో తప్పంతా ఐసీయూ గోడల లోపలే లేదు. ఎన్‌డీఎమ్ అనే జన్యువు మెరోపెనెమ్ లాంటి మందుల్ని కూడా విరగ్గొట్టే ఎంజైమ్‌ని తయారుచేస్తుంది. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ తిరిగి వెళ్లిన ఒక రోగిలో దాన్ని మొదట 2008లో గుర్తించారు. 2011లో ఢిల్లీలో పరీక్షించిన 50 కుళాయి నీటి శాంపిళ్లలో రెండింట్లో, రోడ్డు పక్క నిలిచిన 171 మురుగునీటి శాంపిళ్లలో 51లో అదే జన్యువు కనబడింది. మన హైదరాబాద్ శివార్లలో పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాల్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో బయటపడింది. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. కోళ్ల పెంపకంలో దాణాతో కలిపి వాడుతూ వచ్చిన కొలిస్టిన్‌ని కేంద్రం 2019లో నిషేధించింది. ఇవన్నీ కలిసి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నెట్‌వర్క్ ఆసుపత్రుల లెక్కల్లో తేలుతున్నాయి: 2016లో 65 శాతం క్లెబ్సియెల్లా మెరోపెనెమ్ కుటుంబానికే చెందిన ఇమిపెనెమ్‌కి లొంగేది, 2021 నాటికి అది 43 శాతానికి పడిపోయింది. అంటే మీ నాన్నగారి రిపోర్టు అరుదైనది కాదు. నా బల్ల మీదికి అలాంటివి రోజూ వస్తాయి.

కాబట్టి కోర్టుకి వెళ్లాలా అన్న మీ తమ్ముడి ప్రశ్నకి నా అభిప్రాయం: ఇన్‌ఫెక్షన్ రావడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు. జ్వరం వచ్చాక మూడు రోజులు కల్చర్ పంపకపోవడం, అక్కర్లేని లైన్ వారాల తరబడి ఉంచడం, రిపోర్టు వచ్చినా మందు మార్చకపోవడం లాంటివి ఉంటే అది వేరే మాట. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యత చూసే సంస్థ) గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ కమిటీ, దానికొక నర్సు ఉండాలి. ఆమెతో మాట్లాడాలని అడగండి. గొడవ పడటానికి ముందు ఆ పది నిమిషాలు ఎక్కువ ఉపయోగపడతాయి.

వైద్యం గురించి కొంచెం. "ఇంకా పెద్ద యాంటీబయాటిక్ లేదా" అని అడిగారు. మందుల్లో చిన్నా పెద్దా లేదు, ఆ బాక్టీరియాకి తగినదా కాదా అన్నదే. మెరోపెనెమ్‌కి లొంగని క్లెబ్సియెల్లా మన దగ్గర ఎక్కువగా రెండు జన్యువుల వల్ల తయారవుతోంది: ఎన్‌డీఎమ్, ఆక్సా-48 రకం. రెండూ కలిసి ఉండటమూ మామూలే. సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ అనే మందు ఆక్సా-48 మీద పనిచేస్తుంది, ఎన్‌డీఎమ్ మీద ఒంటరిగా పనిచేయదు. ఎన్‌డీఎమ్ ఉంటే దానికి అజ్ట్రియోనామ్ కలుపుతారు. అజ్ట్రియోనామ్‌ని ఎన్‌డీఎమ్ విరగ్గొట్టలేదు, దాన్ని విరగ్గొట్టే మిగతా ఎంజైములని అవిబాక్టమ్ అడ్డుకుంటుంది. అందుకే జన్యు పరీక్ష చేశారా అన్నది డబ్బున్నవాళ్ల ముచ్చట కాదు. కొన్ని గంటల్లో ఫలితం వస్తుంది, దాన్నిబట్టి ఖరీదైన మందు అనవసరంగా కొనకుండా కూడా ఆగొచ్చు. ఎన్‌డీఎమ్ ఉన్న రోగికి అజ్ట్రియోనామ్ లేకుండా సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒక్కటే రోజుల తరబడి ఎక్కించడం నేను చూశాను. బిల్లు తప్ప ఇంకేం కదల్లేదు.

కొలిస్టిన్ 1950ల నాటి పాత మందు. కిడ్నీలకి చేటని పక్కన పెట్టేసి, గతిలేక మళ్లీ తెచ్చుకున్నాం. ఊపిరితిత్తుల్లోకి సరిగ్గా చేరదు. ఇప్పటి మార్గదర్శకాలు వేరే దారి ఉంటే దాన్నే ముందు పెట్టమంటున్నాయి. కొలిస్టిన్ వాడుతుంటే కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రోజూ చూస్తున్నారా, మూత్రం ఎంత వస్తోంది అన్నవి మీరు రోజూ అడగాల్సినవి. ఎన్నాళ్లు అంటే, వెంటిలేటర్ న్యుమోనియాకి చాలామందిలో వారం, ఎనిమిది రోజులు చాలు. కఫం మళ్లీ పంపి "ఇంకా పెరుగుతోంది" అని పొడిగిస్తూ పోవడం తప్పు. నేను పైన చెప్పిన కాపురం సంగతి గుర్తుంది కదా, అది మందు ఆపాక కూడా ఉంటుంది.

పిల్లల సంగతి. నాన్నగారు కోలుకుని ఇంటికి వచ్చాక కూడా ఈ క్లెబ్సియెల్లా ఆయన పేగుల్లో నెలల తరబడి ఉండొచ్చు. గాలి ద్వారా అంటుకునేది కాదు. మలం, మూత్రం, పుండ్ల రసి తగిలిన చేతుల ద్వారా అంటుతుంది. పిల్లల పేగుల్లోకి చేరినా వాళ్ల సొంత బాక్టీరియా సాధారణంగా దాన్ని పెరగనివ్వదు. పిల్లలకి ముందుజాగ్రత్త అని యాంటీబయాటిక్ మాత్రం వేయకండి, అదే అసలు చేటు. వేరే గది, వేరే కంచం, ముక్కుకి మాస్కు ఇవేవీ అక్కర్లేదు, మనవళ్లు వెళ్లి పక్కన కూర్చోవచ్చు. డైపర్ మార్చినా, యూరిన్ బ్యాగు ఖాళీ చేసినా, సక్షన్ చేసినా సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆయన తువ్వాలు వేరుగా ఉంచి వేడినీళ్లలో ఉతకాలి. ఇంట్లో బాలింత, పసిబిడ్డని చూసుకునేవాళ్లు, కీమోలో ఉన్నవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఉంటే మాత్రం ఈ పనులు వాళ్లు చేయకూడదు. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుం కన్నా కిందే ఉండాలి, నేలకి తగలకూడదు. మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు బ్యాగుని ఒళ్లో పెట్టేస్తారు, అక్కడే పాత మూత్రం వెనక్కి పోతుంది.

ఐసీయూలో ఇవాళ మీరు చేయగలిగింది ఉంది. చెప్పులు బయట విప్పించి, పచ్చ గౌను తొడిగించి, చేతులకి మాత్రం ఏమీ ఇవ్వని ఐసీయూలు బోలెడు. గౌను కన్నా చేతులు ముఖ్యం. లోపలికి వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ రుద్దుకోండి, లోపల ఫోను తీయకండి, పక్క మంచం ఆయనకి దిండు సర్దడం లాంటి సాయాలు వద్దు. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉందా చూడండి. రోజూ పళ్లు తోముతున్నారా అడగండి. మౌత్‌వాష్ పూసి వదిలేయడం కాదు, బ్రష్‌తో తోమడం. ఇక రౌండ్స్‌కి వచ్చే డాక్టరుని రోజూ ఒకే ప్రశ్న అడగండి: "సార్, ఇవాళ ఏ పైపు తీసేయొచ్చు, ఏ యాంటీబయాటిక్ ఆపొచ్చు?" మొదటి రోజు చిరాకు పడొచ్చు. మూడో రోజుకి మీరు అడగకముందే చెప్తారు.

డిశ్చార్జి సమ్మరీలో ఈ బాక్టీరియా పేరు, ఏ మందులకి లొంగలేదో రాయించుకోండి. ఆరు నెలల తర్వాత ఏ జ్వరంతోనో ఇంకో ఆసుపత్రికి వెళ్తే క్యాజువాలిటీలోనే ఆ కాగితం చూపించండి. దాచేవాళ్లున్నారు, బెడ్ ఇవ్వరేమోనన్న భయంతో. దాచితే మొదటి రెండు రోజులు పనిచేయని మందుతో గడిచిపోతాయి.

శాంపిల్ ఏదో, రక్తం కల్చర్ వేరుగా పంపారో లేదో, తాజా క్రియాటినిన్ ఎంతో రాయండి. ఇక్కడ కూర్చుని మందు మార్చమని చెప్పను, ఆ పని ఆయన్ని చూస్తున్న డాక్టరుది. కానీ వాళ్లని ఏం అడగాలో ఇంకొంచెం వివరంగా చెప్పగలను.